స్మార్ట్ భవనాల నిర్వహణ, విశ్వసనీయతా నమూనాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

లిఫ్టు, జనరేటరు, అగ్ని హెచ్చరిక, శీతలీకరణ, నెట్‌వర్క్ మొదలైన వ్యవస్థలను సెన్సార్లతో, కంట్రోలర్లతో అనుసంధానించిన కట్టడాలను స్మార్ట్ భవనాలంటున్నారు. వీటి విశ్వసనీయతను లెక్కగట్టే గణిత నమూనాలు విస్తృతంగా ప్రచారంలో ఉన్నాయి. ఆ నమూనాలు అంతర్లీనంగా స్వీకరించే మూడు ఊహలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చెడిన వెంటనే మరమ్మతు మొదలవుతుందన్నది మొదటిది. భాగాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడతాయన్నది రెండవది. సెన్సారు ఎప్పుడూ నిజమే చెబుతుందన్నది మూడవది. ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన మూడు జిల్లాల పరిస్థితులలో ఈ ఊహలు ఎందుకు నిలవవో చూపి, ప్రత్యామ్నాయంగా ఐదు స్థితుల నమూనాను ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: విశ్వసనీయత, లభ్యత, నిర్వహణ, మార్కోవ్ నమూనా, స్మార్ట్ భవనం, సమీకృత కలెక్టరేట్, మేడిగడ్డ, బయ్యారం చెరువు.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. ఆనాడు ఉమ్మడి వరంగల్ నుంచి వేరుపడిన వాటిలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. కొత్త జిల్లా అంటే కొత్త భవనాలు. జనగామ సమీకృత కలెక్టరేట్ 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్ కలెక్టరేట్ 2023 జనవరి 12న ప్రారంభమయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒకప్పుడు తాలూకా స్థాయి పట్టణాలుగా ఉన్నచోట పదేళ్లలోపే బహుళ అంతస్తుల కార్యాలయాలు, బోధనాసుపత్రులు వెలిశాయి.

వీటన్నింటినీ పూర్తి అర్థంలో స్మార్ట్ భవనాలు అనలేము. అయితే ఇటువంటి భవనం పనిచేయడానికి గోడలు, పైకప్పు మాత్రమే చాలవు. విద్యుత్తు, దానికి ప్రత్యామ్నాయంగా జనరేటరు, కంప్యూటర్లకు యు.పి.ఎస్., ఫైబర్ అనుసంధానం, లిఫ్టు, నీటి పంపులు, అగ్ని హెచ్చరిక, ఆసుపత్రిలోనైతే ఆక్సిజన్ గొట్టాల వ్యవస్థ ఏకకాలంలో పనిచేయాలి. సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకొని వచ్చిన వృద్ధురాలికి ‘సర్వర్ డౌన్’ అన్న జవాబు వస్తే, ఆమె ఆనాటి కూలి, బస్సు చార్జీ రెండూ నష్టపోయినట్లే. నవజాత శిశువుల విభాగంలో విద్యుత్తు ఆగితే జరిగే నష్టం రూపాయలలో లెక్కకు రాదు. కనుక విశ్వసనీయత అన్నది ఇంజనీరింగ్ శాఖకు మాత్రమే పరిమితమైన సాంకేతిక విషయం కాదు. పౌరుడికి అందే సేవకు అది మరో పేరు.

2. నమూనాలు చెప్పేది ఏమిటి?

విశ్వసనీయతా సిద్ధాంతంలో రెండు భావనలను వేరుచేసి చూడాలి. ఒక పరికరం నిర్ణీత కాలంపాటు చెడకుండా పనిచేసే సంభావ్యత విశ్వసనీయత. చెడడం, బాగుపడడం అనే చక్రంలో అది పనిచేసే స్థితిలో ఉండే కాలభాగం లభ్యత. రెండు వైఫల్యాల మధ్య సగటు కాలాన్ని, సగటు మరమ్మతు కాలాన్ని తీసుకొని, మొదటిదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే లభ్యత వస్తుంది. పరికరం 2,000 గంటలకొకసారి చెడి, మరమ్మతుకు 4 గంటలు పడితే లభ్యత 2,000ను 2,004తో భాగించగా వచ్చే 99.8 శాతం. స్మార్ట్ భవన వ్యవస్థల గురించిన ప్రచారంలో కనిపించే ఆకర్షణీయమైన అంకెలు చాలావరకు ఈ సూత్రం నుంచి పుట్టినవే.

ఈ సూత్రం వెనుక ఉన్న సాధనసామగ్రి విలువైనదే. దోషవృక్షం ఏ చిన్న లోపం ఏ పెద్ద ప్రమాదానికి దారితీస్తుందో బొమ్మకట్టి చూపుతుంది. మార్కోవ్ నమూనా వ్యవస్థను స్థితులుగా విడగొట్టి, ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారే రేట్లను లెక్కిస్తుంది. 1951లో వీబుల్ ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం తరువాత, వయసుతోపాటు వైఫల్య రేటు పెరగడాన్నీ తగ్గడాన్నీ ఒకే సూత్రంలో ఇమిడ్చే వీలు కలిగింది.

అయితే ఇదే రంగం తన విశ్వాసాలను తానే ప్రశ్నించుకున్న సందర్భం ఒకటుంది. పరికరం తొలినాళ్లలో ఎక్కువగా, నడి వయసులో తక్కువగా, చివర మళ్లీ ఎక్కువగా చెడుతుందని చెప్పే ‘స్నానతొట్టి వక్రరేఖ’ను చాలాకాలం సార్వత్రిక సత్యంగా భావించారు. అమెరికా రక్షణ శాఖ కోసం నౌలాన్, హీప్ 1978లో సమర్పించిన నివేదిక, విమాన భాగాలలో 4 శాతం మాత్రమే ఆ వక్రరేఖను అనుసరించాయని చూపింది. 68 శాతం భాగాలు తొలినాళ్లలో ఎక్కువగా చెడి, ఆపై స్థిరమైన రేటులో కొనసాగాయి. అంటే కాలం తీరిందని పరికరాన్ని విప్పి మార్చడం వల్ల చాలా సందర్భాలలో మేలు లేదు. పైగా కొత్త భాగంతో కొత్త తొలినాటి లోపాలు వచ్చే అవకాశం ఉంది. పరిశీలన ఊహను సరిదిద్దిన ఆ పద్ధతి జిల్లా కేంద్రాల భవనాల విషయంలోనూ అవసరం.

3. మొదటి ఊహ: చెడిన వెంటనే మరమ్మతు

పై ఉదాహరణలోని 4 గంటలు దేన్ని సూచిస్తాయి? సాంకేతిక నిపుణుడు పనిముట్లతో, విడిభాగంతో పరికరం ముందు కూర్చున్నాక పట్టే సమయాన్ని. అతడు అక్కడికి చేరడానికి ముందు జరగవలసిన తతంగం నమూనాలో లేదు. చెడిందని ఎవరో ఒకరు గమనించాలి. ఆ సంగతి సంబంధిత అధికారికి చేరాలి. అంచనా తయారై మంజూరు రావాలి. వార్షిక నిర్వహణ ఒప్పందం ఉందా, గడువు తీరిందా, గుత్తేదారు లోప బాధ్యతా కాలం ఇంకా నడుస్తోందా అన్నది తేలాలి. విడిభాగం హైదరాబాదు నుంచో, అంతకంటే దూరం నుంచో రావాలి.

వాదన స్పష్టత కోసం ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ఇవి క్షేత్ర గణాంకాలు కావు, నమూనా ప్రవర్తనను చూపే అంకెలు మాత్రమే. చెడిన సంగతి తెలియడానికి 48 గంటలు, మంజూరుకు 120 గంటలు, నిపుణుడూ విడిభాగమూ చేరడానికి 72 గంటలు, అసలు మరమ్మతుకు 4 గంటలు అనుకుందాం. మొత్తం 244 గంటలు. లభ్యత 2,000ను 2,244తో భాగించగా 89.1 శాతం. కాగితం మీది 99.8 శాతానికీ దీనికీ మధ్య వ్యత్యాసమంతా పరికరం నాణ్యతకు సంబంధించినది కాదు.

ఈ లెక్కను ఇంకాస్త ముందుకు తీసుకువెళితే విధాన నిర్ణయాలకు పనికివచ్చే విషయాలు బయటపడతాయి. మరమ్మతు పనిని 4 గంటల నుంచి 2 గంటలకు తగ్గిస్తే లభ్యత 89.2 శాతమే అవుతుంది. మార్పు దాదాపు శూన్యం. సెన్సార్లు పెట్టి, చెడిన క్షణంలోనే తెలిసేలా చేస్తే 48 గంటలు పోయి లభ్యత 91.1 శాతానికి చేరుతుంది. మంజూరు కోసం పట్టే 120 గంటలను తొలగించగలిగితే 94.2 శాతం అవుతుంది. రెట్టింపు మన్నిక గల పరికరం కొన్నా, అంటే 4,000 గంటలకొకసారి చెడేది తెచ్చినా, వచ్చేది సుమారు అదే 94.3 శాతం. ఖరీదైన పరికరం ఇచ్చే ఫలితాన్ని చిన్న మొత్తాల ఖర్చుకు స్థానిక అధికారికి ముందే ఇచ్చిన అధికారం కూడా ఇస్తుందన్నమాట. ‘స్మార్ట్’ అన్న పదం సూచించే సెన్సార్లు ఈ గొలుసులో ఒక్క లంకెనే కుదించగలవు. సెన్సారు హెచ్చరిక పంపుతుంది కాని దస్త్రాన్ని కదపలేదు.

మూడు పట్టణాల భౌగోళికత కూడా ఇక్కడ లెక్కకు రావాలి. జనగామ హైదరాబాదు–వరంగల్ రహదారిపైనా, సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గంలోనూ ఉంది. మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలో ఉంది. భూపాలపల్లి పట్టణానికి రైలు లేదు. హనుమకొండ దాటి రోడ్డుమార్గాననే వెళ్లాలి. ఒకే పరికరం మూడుచోట్ల ఉన్నా మూడు వేర్వేరు లభ్యతలు రావడం సహజం. తయారీదారు ఇచ్చే ఒకే అంకె మూడింటికీ వర్తిస్తుందనుకోవడం సరికాదు.

4. రెండవ ఊహ: భాగాల స్వతంత్రత

ఒక్కొక్కటి 95 శాతం లభ్యత గల రెండు విద్యుత్ మార్గాలను జంటగా పెడితే, రెండూ ఒకేసారి లేకపోయే సంభావ్యత 0.05ను 0.05తో గుణించగా 0.0025 అవుతుంది, లభ్యత 99.75 శాతం. ఒకటి చెడడానికీ మరొకటి చెడడానికీ సంబంధం లేనప్పుడే ఈ గుణకారం చెల్లుతుంది. వైఫల్యాలలో పదోవంతు ఉమ్మడి కారణం వల్ల వస్తుందనుకుంటే, ఆ సంభావ్యత సుమారు 0.007కు, అంటే దాదాపు మూడు రెట్లకు పెరుగుతుంది. అదనంగా కొన్న రక్షణలో పెద్ద భాగం ఆ ఒక్క ఉమ్మడి కారణం హరించివేస్తుంది.

మన ప్రాంతంలో ఉమ్మడి కారణాలకు కొదవ లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున కురిసిన కుండపోతకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, కొన్ని రోజులపాటు రాకపోకలు స్తంభించాయి. అటువంటి వరద విద్యుత్ స్తంభాన్ని, ఫైబర్ తీగను, రోడ్డును, డీజిలు ట్యాంకరును, మరమ్మతుకు రావలసిన మనిషిని ఏకకాలంలో ఆపగలదు. జనరేటరు ఉన్నా డీజిలు రాదు; డీజిలు ఉన్నా నేలమాళిగలో నీరు చేరితే జనరేటరు నడవదు. వేసవి ఎండ కూడా ఇటువంటి ఉమ్మడి కారణమే. శీతలీకరణపై భారం పెరిగే సమయానికే బ్యాటరీల ఆయుష్షు తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కుతాయి. బొగ్గు రవాణా జరిగే ప్రాంతంలో గాలిలోని ధూళి వడపోతలనూ సెన్సార్లనూ ఒక్కతీరుగా మూసివేస్తుంది. శీతల దేశాల భవనాల దత్తాంశంతో తయారైన వైఫల్య రేట్లను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం, వేరొకరి కొలతలకు కుట్టిన అంగీని తొడుక్కోవడం వంటిది.

5. మూడవ ఊహ: సెన్సారు సత్యసంధత

నమూనాలలో సెన్సారు పరిశీలకుడి స్థానంలో ఉంటుంది. వాస్తవంలో అదీ చెడిపోయే వస్తువే. వరుసగా అనుసంధానించిన 10 భాగాలలో ఒక్కొక్కటి 99 శాతం విశ్వసనీయమైతే మొత్తం 90.4 శాతం, 20 భాగాలైతే 81.8 శాతం. స్విచ్చు నొక్కితే వెలిగే దీపానికి సెన్సారు, కంట్రోలరు, గేట్‌వే, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ తోడైతే, వాటిలో ఏది ఆగినా దీపం వెలగని అమరిక ఏర్పడవచ్చు. తెలివి పెరిగినకొద్దీ చెడే అవకాశాలూ పెరుగుతాయి. చేత్తో నడిపే మార్గాన్ని సమాంతరంగా ఉంచినప్పుడే ఈ నష్టం తగ్గుతుంది.

తప్పుడు హెచ్చరికలది వేరే సమస్య. అగ్ని హెచ్చరిక పదిసార్లు అకారణంగా మోగితే పదకొండోసారి ఎవరూ కదలరు. కొన్నిచోట్ల దాని తీగనే తప్పిస్తారు. ‘నాన్నా పులి’ కథ తెలిసిన సమాజానికి ఇది కొత్త విషయం కాదు. లిజాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లో ఆటోమేషన్‌లోని విడ్డూరాలను వివరిస్తూ రాసిన వ్యాసం ఈ చర్చకు మూలస్తంభం. యంత్రం రోజువారీ పనిని తీసుకున్నకొద్దీ మనిషికి అభ్యాసం తగ్గుతుంది. యంత్రం చేతులెత్తేసిన అత్యంత క్లిష్ట సమయంలో, ఆ అభ్యాసం లేని మనిషికే బాధ్యత బదిలీ అవుతుంది. పొరుగుసేవల ఒప్పందంపై పనిచేసే ఎలక్ట్రీషియన్, పంపు ఆపరేటర్ ఈ నమూనాలలో ఒక రేటుగా మాత్రమే కనిపిస్తారు. ఒప్పందం మారి వారు వెళ్లిపోతే భవనం గురించిన జ్ఞాపకం కూడా వారితోపాటే వెళ్లిపోతుందన్న సంగతి ఏ సమీకరణంలోనూ కనిపించదు.

6. భూపాలపల్లి నేర్పే మూడు పాఠాలు

విశ్వసనీయతకు సంబంధించి మూడు భిన్న వ్యవస్థలు భూపాలపల్లి జిల్లాలోనే కనిపిస్తాయి.

మొదటిది సింగరేణి భూగర్భ గని. అక్కడ తనిఖీ ఒకరి ఇష్టాయిష్టాలపై ఆధారపడదు. 1952 గనుల చట్టం, 2017 బొగ్గు గనుల నిబంధనలు దాన్ని విధిగా చేశాయి. గాలిలో మండే వాయువు 1.25 శాతం మించితే ఆ భాగానికి విద్యుత్తు ఆపాలి. తనిఖీ చేసినవారు తమ నివేదికను పుటల సంఖ్యలు వేసిన బైండు పుస్తకంలో రాసి సంతకం చేయాలి. సెన్సారు ఉన్నా దాని పక్కన పేరూ సంతకమూ గల మనిషి ఉంటాడు.

రెండవది చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్ల ఈ కేంద్రంలో లభ్యత అన్నది లెక్కల పుస్తకంలోని అంశం. విద్యుత్ టారిఫ్ విధానంలో స్థిర వ్యయాల రాబడి కేంద్రం లభ్యతతో ముడిపడి ఉంటుంది. యూనిట్ ఆగిన ప్రతి గంటకూ విలువ ఉంది కనుక ప్రతి గంటకూ నమోదు ఉంటుంది.

మూడవది మహదేవపూర్ మండలంలో గోదావరిపై 85 గేట్లతో నిర్మించిన మేడిగడ్డ బ్యారేజీ. 2019 జూన్ 21న ప్రారంభమైన ఈ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకు పియర్లు కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ఆ నవంబరులో వెలువరించిన నివేదిక కారణాలను ఒక్కదానికే పరిమితం చేయలేదు. ప్రణాళిక, డిజైన్, నాణ్యతా నియంత్రణ, నిర్వహణ అన్నింటిలోని లోపాల కలయికను ఎత్తిచూపింది. వర్షాకాలానికి ముందూ తరువాతా తనిఖీలను 2021 ఆనకట్టల భద్రతా చట్టం కోరుతుంది. చట్టం ఉన్నంత మాత్రాన ఆచరణ దానంతటదే రాదని ఈ ఉదంతం చెబుతుంది.

బ్యారేజీ భవనం కాదు, నిజమే. కాని భవనాల చర్చకు అది అందించే పాఠం నేరుగా వర్తిస్తుంది. డిజైన్ లోపాన్నీ నిర్వహణ లోపాన్నీ వేర్వేరు అధ్యాయాలుగా చూసే నమూనా ఇటువంటి వైఫల్యాన్ని ముందుగా పట్టుకోలేదు. నిర్వహణలో చేసే తనిఖీయే డిజైన్‌లోని తప్పును చిన్నగా ఉన్నప్పుడే బయటపెట్టే సాధనం. అది లేనిచోట రెండు తప్పులూ కలిసి పెరుగుతాయి.

ఈ మూడింటితో పోలిస్తే కార్యాలయ భవనం ఎక్కడ నిలుస్తుంది? భారత జాతీయ భవన నియమావళి 2016 తన పన్నెండవ భాగాన్ని ఆస్తుల, సదుపాయాల నిర్వహణకే కేటాయించింది. ఇది మెచ్చుకోదగిన ముందడుగు. అయితే నియమావళి స్వయంగా చట్టం కాదు. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమ నిబంధనలలో చేర్చుకున్న మేరకే దానికి బలం. గనిలోవలె సంతకం చేయవలసిన పుస్తకమూ, విద్యుత్ కేంద్రంలోవలె ఆగిన గంటకు వెలా లేని చోట లిఫ్టు ఎన్ని గంటలు ఆగిందో నమోదు చేయవలసిన అవసరం ఎవరికి ఉంటుంది?

7. బయ్యారం చెరువు: నిర్వహణను నిర్మాణంలో భాగం చేసిన పద్ధతి

కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ధర్మకీర్తి సముద్రమని పేరుపెట్టిన ఆ చెరువు శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్య ఆధారంగా చరిత్రకారులకు సుపరిచితం. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఆనాటి చెరువుల వ్యవస్థలో మరో విశేషం కనిపిస్తుంది. కట్ట, తూము, మత్తడి ఉంటేనే చెరువు పూర్తయినట్లు కాదు. దశబంధం వంటి ఏర్పాట్ల ద్వారా చెరువు కింది పంటలో, భూమిలో కొంత భాగాన్ని దాని నిర్మాణానికీ పోషణకూ ముందే కేటాయించేవారు. తూము తెరిచి మూసే నీరటికాడు ఊరికి తెలిసిన మనిషి. తప్పు జరిగితే ఊరు అడగదగిన మనిషి.

గతాన్ని ఆదర్శీకరించడం ఈ ప్రస్తావన ఉద్దేశం కాదు. ఆ వ్యవస్థలో కులాన్ని బట్టి నిర్ణయమైన శ్రమ ఉంది, నీటి పంపకంలో అసమానత ఉంది. పోషణ కొరవడి తెగిన చెరువులూ ఉన్నాయి. గ్రహించవలసింది ఒక్క సూత్రమే. నిర్వహణకు ధనమూ, బాధ్యుడైన మనిషీ నిర్మాణం నాడే నిర్ణయమయ్యాయి. నేడు భవనానికి శంకుస్థాపన ఉంది, ప్రారంభోత్సవం ఉంది, శిలాఫలకం ఉంది; పదవ ఏటి బ్యాటరీ మార్పిడికి పద్దు మాత్రం ఉండదు.

8. ప్రత్యామ్నాయ ప్రతిపాదన

పై విమర్శ నమూనాలను త్యజించమని చెప్పదు, వాటిని విస్తరించమంటుంది. సాధారణ మార్కోవ్ నమూనాలో ‘పనిచేస్తోంది’, ‘మరమ్మతులో ఉంది’ అనే రెండు స్థితులుంటే, జిల్లా భవనాలకు ఐదు కావాలి: పనిచేస్తోంది, చెడింది కాని ఎవరికీ తెలియదు, తెలిసింది కాని మంజూరు లేదు, మంజూరైంది కాని మనిషో విడిభాగమో రాలేదు, మరమ్మతు జరుగుతోంది. మంజూరు, రవాణా కాలాలు ఘాతీయ విభాజనాన్ని అనుసరిస్తాయన్న హామీ లేదు. ఆర్థిక సంవత్సరం చివర, ఎన్నికల నియమావళి కాలంలో, వరదల వారంలో అవి ఒక్కసారిగా సాగుతాయి. కనుక ఆ స్థితులకు అర్ధమార్కోవ్ పద్ధతి మేలు.

‘దత్తాంశం లేదు’ అన్నది ఈ ప్రతిపాదనకు సహజంగా వచ్చే అభ్యంతరం. ఐదు స్థితులకు కావలసిన దత్తాంశం ఒక రిజిస్టరులో నాలుగు గడులతో మొదలవుతుంది: ఫిర్యాదు నమోదైన సమయం, మంజూరు సమయం, మనిషీ విడిభాగమూ చేరిన సమయం, తిరిగి పనిచేసిన సమయం. చెడిన అసలు సమయాన్ని మాత్రం సెన్సారు ఇవ్వగలదు. సెన్సారుకు సిసలైన ఉపయోగం అక్కడే. తెలంగాణలోని సమీకృత కలెక్టరేట్లు దాదాపు ఒకే నమూనాపై నిర్మితమయ్యాయి. పరిశోధకుడికి ఇది అరుదైన అవకాశం. కట్టడం ఒకటే అయినప్పుడు జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో లభ్యత వేర్వేరుగా తేలితే, ఆ తేడాను కట్టడానికి కాక దూరానికీ, వాతావరణానికీ, నిర్వహణకూ ఆపాదించి పరిశీలించవచ్చు. మూడు భవనాలు, మూడేళ్ల రిజిస్టర్లు ఒక మంచి సిద్ధాంత గ్రంథానికి చాలినంత సామగ్రి.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ప్రచారంలో ఉన్న లభ్యతా అంకెలు పరికరాన్ని కొలుస్తాయే గాని, దాని చుట్టూ ఉన్న పాలనా వ్యవస్థను కొలవవు.

2. జిల్లా కేంద్రాలలో నిరీక్షణ కాలం తగ్గించడం, రెట్టింపు మన్నిక గల పరికరం కొనడంతో సమానమైన ఫలితాన్ని ఇవ్వగలదు. చిన్న మరమ్మతులకు స్థానిక అధికారం, ముఖ్య విడిభాగాల స్థానిక నిల్వ అందుకు మార్గాలు.

3. వరద, ఎండ, ధూళి వంటి ఉమ్మడి కారణాలను చేర్చని జంట ఏర్పాట్ల లెక్క వాస్తవం కంటే ఎక్కువ భద్రతను చూపుతుంది.

4. సెన్సారును కూడా చెడే భాగంగా లెక్కించి, చేత్తో నడిపే మార్గాన్ని తప్పక నిలుపుకోవాలి.

5. నిర్వహణకు ధనాన్నీ, బాధ్యుడినీ నిర్మాణ దశలోనే నిర్ణయించాలి.

ప్రజావాణికి వచ్చిన వృద్ధురాలి అర్జీ ఆ రోజే నమోదైతే భవనం విశ్వసనీయమైనది. కాకపోతే, గోడ మీది తెర ఏ శాతాన్ని చూపినా, కాదు. నమూనా కొలవవలసింది ఆమెకు అందిన సేవను.